రాణి రంగు విషం

మా ఆయన కుళ్లాయప్ప కడుపు మీద రాణి రంగు తేలిన రోజు ధర్మవరంలో సగం ఊరు మా వీధిలో ఉంది. మిగతా సగం దారిలో ఉంది. బొడ్డు చుట్టూ పెళ్లి చీర కొంగులా గులాబీ రంగు మెరిసిపోతుంటే, జనం చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, చూసి, చెంపలేసుకుని మరీ పోయారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రంగు ఎవరిదో నాకు తెలుసు. ముందురోజు గంగాళం ఎత్తి దాన్ని మురుగు పారే మోరీలో పారబోసింది నేనే కదా!

ఉండండి, మొదటి నుంచి చెప్తాను. లేకపోతే మీరు కూడా చెంపలేసుకుంటారు.

మాది పట్టు నూలుకు రంగులు వేసే షెడ్డు. మగ్గాల వాళ్లు తెల్ల పట్టు తెచ్చిస్తే, కాగే నీళ్లలో రంగు కలిపి, రంగు వదలకుండా నిలబడేందుకు ద్రావకం పోసి, నూలు ముంచి తీసి ఆరబెట్టి ఇస్తాం. మా ఆయనకు కన్ను మంచిది. పెళ్లికి ముందు మగ్గం నేసేవాడట, నడుము నొప్పి అని మానేసి రంగుల్లోకి దిగాడని మా అత్త చెప్పింది. ఏ రంగయినా ఇట్టే పట్టేస్తాడు గానీ ఒక్క రాణి రంగు గంగాళం దగ్గరికి మాత్రం రాడు. "అది నువ్వు సూసుకో ఈశ్వరీ" అని బీడీ ముట్టించుకుని బయటికి పోతాడు. రాణి రంగు చేతికి అంటితే ఒక పట్టాన వదలదు, అందుకే ఎగ్గొడుతున్నాడని నేను తిట్టుకుంటూ నేనే కలియబెట్టేదాన్ని. నా అరచేతులు చూసినవాళ్లు ఏం పండగ, గోరింటాకు పెట్టుకున్నావని అడిగేవాళ్లు.

ఆయనకు షుగరు. ఊళ్లో పెద్ద పేరున్న డాక్టరు ఒకాయన రిపోర్టు చూసి, మనిషి మొగం చూడకుండా మాత్రలు రాసి, "వట్టికాళ్లతో తిరగొద్దు" అని ఇంకొకరిని లోపలికి పిలిచాడు. రంగుల షెడ్డులో, మడమ దాకా నీళ్లలో, చెప్పులేసుకుని ఎవరు నిలబడతారు? మాత్రలు మాత్రం నేను బెదిరించి మింగిస్తూ వచ్చాను. అయినా ఆ ఎండాకాలం ఆయన కుడి మడమ మీద చిన్న పుండు లేచింది. మానదే! మా వీధి చివర అంజనప్పకు ఇట్లాంటి పుండే లేచి, ఏమవుతుందిలే అనుకుని, చివరికి మోకాలి కింద కాలు తీసేశారు. మగ్గం తొక్కే మనిషి ఇప్పుడు అరుగు మీద కూర్చుని వచ్చేపోయే ఆటోలను చూస్తుంటాడు. నేను మార్కెట్టుకు పోయినప్పుడల్లా ఆ అరుగు దగ్గర తల తిప్పుకుంటాను. నాకు దేవుడి భయం లేదు, అప్పుల భయం లేదు, ఆ మడమ భయం ఒక్కటే ఉండేది.

అట్లాంటప్పుడు హిందూపురం ప్యాసింజరులోంచి దిగాడు హనుమంతరాయుడు.

తెల్ల జుబ్బా, మెడలో రాగి తీగ, చేతిలో సూట్‌కేసు. కార్డు మీద "సంపూర్ణ ఆరోగ్య ప్రాణమిత్ర" అని ఉండేది. పేరు వెనక అన్ని ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి, చదివేసరికి నాలుక పిడచకట్టుకుపోతుంది. అంతకుముందు హిందూపురంలో మిక్సీలు రిపేరు చేసేవాడని వాళ్ల ఊరి వాళ్లే చెప్పారు. బెంగళూరులో శనివారం చేరి ఆదివారం అయ్యేలోగా ఈ విద్యంతా నేర్చుకొచ్చాడట. పాత అలవాటు మాత్రం పోలేదు. రోగి కడుపు మీద చెవి పెట్టి, కళ్లు మూసుకుని, "ఎక్కడో అరిగిపోతాండాది" అనేవాడు.

మా షెడ్డు పక్కనే ఖాళీగా ఉన్న గోడౌను బాడుగకు తీసుకున్నాడు. చూస్తుండగానే ఊరు మారిపోయింది. మగవాళ్లు అట్టతో చేసిన పిరమిడ్ టోపీలు పెట్టుకుని మగ్గం గుంతల్లో దిగారు. నడుముకు అయస్కాంతం పట్టీలు కట్టుకున్నవాళ్ల కత్తెరలు పోయి వాళ్ల బొడ్డుకే అతుక్కునేవి. పక్కింటి వెంకటక్క కుండీలో గోధుమ గడ్డి పెంచి, మొగుడికి రోజూ పిండి పోసేది. ఆ మనిషి పాపం గొంతు దిగక, దొంగతనంగా మేకకు పోసేవాడు. మేక మాత్రం నిగనిగలాడేది.

మా ఆయన కూడా పోతానన్నాడు. సరే, చూద్దామని వెంట పోయాను.

"అక్కా, ఇంగ్లీషు డాక్టరు కాలు సూస్తాడు. నేను మనిషిని సూస్తా," అన్నాడు హనుమంతరాయుడు. "శరీరం, మనసు, ప్రాణం, మూడూ ఒక్క వైరు మీద నడుస్తాండాయి. ఒకటి షార్టయితే మూడూ పోతాయి. నువ్వు రవంత బయట కూసో. అన్నతో మాట్లాడల్ల."

నన్ను బయట కూర్చోబెట్టాడు! కిటికీలోంచి చూశాను, తప్పేముంది, నా మొగుడే కదా. మాటలు వినపడలేదు. వాడు మా ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏదో అడిగాడు. మా ఆయన చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టాడు. తర్వాత ఏడ్చాడు. ఇరవై ఏళ్లు కాపురం చేసినదాన్ని, కంట్లో నలక పడినా ఆ మనిషి నా ముందు నీళ్లు కార్చలేదు. మిక్సీలు బాగుచేసేవాడి ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో నాకే తెలియలేదు.

"ఏం చెప్పినావయ్యా ఆయప్పకు?" అని దారిలో అడిగాను.

"ఏమీ లేదులే."

"ఏమీ లేనిదానికి అంత ఏడుపా?"

"ఒగ మనిషి కూసోబెట్టి అడిగినాడే. చెప్పినా. అంతే."

ఆ పూట రెండు ముద్దలు సంగటి తిని, గుర్రు పెట్టి నిద్రపోయాడు. నన్ను కాల్చుకు తిన్నది అదే. పని చేసిందండీ! ఏ మాత్రా ఇవ్వని నిద్ర వాడి నాలుగు మాటలు ఇచ్చాయి. అంతవరకు బాగానే ఉంది, కాదని నేననను. కానీ తెల్లారి లేచి మా ఆయన మాత్రల పట్టీ తీసుకుపోయి మోరీలో పడేశాడు.

"మాత్రలు విషానికి మూతంట. మూత బిగించి కుక్కరు మీద కూసోవద్దన్నాడు," అన్నాడు తాపీగా.

నేను అరిచాను, అన్నం పెట్టనన్నాను, పుట్టింటికి పోతానన్నాను. "పోయి రా, నీ మనసుకు కూడా మంచిది," అన్నాడు. చూశారా, వాడి మాటలు అప్పుడే ఈయన నోట్లోకి వచ్చేశాయి.

ఇక మట్టి సంగతి. హనుమంతరాయుడు మట్టి పట్టీలు వేస్తానని ప్రకటించాడు. మెత్తగా, తడిగా, పవిత్రంగా ఉండే మట్టి కావాలన్నాడు. ఆ ఏడు కరువు. చెరువు నెర్రెలిచ్చి పడుంది, తవ్వితే పార విరుగుతుంది. బండి లింగప్పకు మట్టి తెచ్చే పని అప్పజెప్పారు. ఊరంతా తిరిగి లింగప్ప ఏం చేశాడు? మా షెడ్డు వెనక, మోరీ పడే చోట, నల్లగా, మెత్తగా వెన్నలా ఉన్న మట్టి కనపడింది. ఊళ్లో తడి ఉన్న నేల అదొక్కటే. బండికెత్తి తెచ్చి గోడౌనులో కుప్ప పోశాడు.

మొదటి పట్టీ మా ఆయనకే. కడుపు మీద మందంగా మట్టి పూసి, తడిగుడ్డ కప్పి, ఎండ నడినెత్తికి వచ్చేదాకా పడుకోబెట్టారు. తర్వాత గుడ్డ తీసి కడిగారు. రాణి రంగు! ఎంత రుద్దినా పోని, మాంచి పెళ్లి రాణి రంగు. హనుమంతరాయుడి మొగం పాలిపోయింది, నేను కళ్లారా చూశాను. అటూ ఇటూ చూశాడు. అంతే, రెండు చేతులూ పైకెత్తి, "విషం! సూడండప్పా, విషం బయటికొచ్చింది!" అని అరిచాడు.

"విషం కాదప్పా, అది మా రంగు! నిన్న నేను పారబోసిందే!" అని నేనూ అరిచాను.

"నోరు మూసుకోవే ఈశ్వరీ," అంది వెంకటక్క. "మొగుడు బాగుపడతాంటే కండ్లల్లో నిప్పులు పోసుకుంటాండావు."

ఇక మా ఆయన ఏం చేస్తున్నాడనుకున్నారు? లేచి కూర్చుని, తన కడుపు తానే తడిమి చూసుకుంటున్నాడు. ఇన్నేళ్లుగా రంగుల్లోనే బతికినవాడు, ఎవరి గంగాళంలోంచి ఏ రంగు వచ్చిందో వాసన చూసి చెప్పేవాడు, ఆ మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. "పోయింది ఈశ్వరీ," అన్నాడు మెల్లగా. "పోయింది."

ఏం పోయిందని అడిగితే చెప్పలేదు. బుద్ధి పోయిందనుకున్నాను నేను.

మరుసటిరోజు మేము చిలకపచ్చ వేశాం. ఊరంతా చిలకపచ్చ కడుపులు. పచ్చ అంటే పైత్యం అన్నాడు హనుమంతరాయుడు. నీలం పడితే గ్యాసు అన్నాడు. నేతగాళ్లు కదా, రంగు చూస్తే ఊరుకుంటారా? ఒకరి చొక్కా ఒకరు ఎత్తి చూసుకుని, "నీది రవంత లేతగా పడినాది, మళ్ల వేయించుకో" అనుకునేవాళ్లు. ఒకాయన పచ్చ మీద రాణి వేయించుకుని, డబుల్ షేడు కుదిరిందని వీధి వీధీ తిరిగాడు. కట్టుకోవడానికి కొత్త చీర లేదని ఏడ్చే ఆడవాళ్లు కూడా నడుముకు రంగు పడిందని మురిసిపోయారు.

ఆ మధ్య పట్టు ధర పెరిగి మాకు పని ఆగిపోయింది. మోరీలో వట్టి నీళ్లు. అప్పుడు పట్టీలు వేయించుకున్నవాళ్ల కడుపులు కడిగితే ఎట్లా వచ్చినవి అట్లాగే ఉన్నాయి. గోడౌను దగ్గర డబ్బు కట్టినవాళ్ల పెద్ద గలాటా. "మా విషం ఎందుకు రాలేదు? మేము దుడ్లు ఇయ్యలేదా?" అని ఒకటే కేకలు. సాయంత్రం హనుమంతరాయుడు మా పెరటి తలుపు తట్టాడు.

"అక్కా, రేపు ఏం రంగు వేస్తాండారు?"

చేతిలో కలియబెట్టే కర్ర ఉంది. ఎత్తాను. "సిగ్గు లేదప్పా నీకు? తెలిసి తెలిసి ఊరిని మోసం చేస్తాండావే!"

"సిగ్గుండాదక్కా," అన్నాడు. నిజంగానే తల దించుకున్నాడు. "మట్టి పూసి కడిగితే మట్టే వస్తాదంటే ఎవరు నమ్ముతారు? వాళ్లకు రంగు కావల్ల. రంగు పడినోళ్లు రాత్రికి నిద్ర పోతాండారు. అన్నేళ్లు మిక్సీలు బాగుచేసినా, ఒక్కరూ నాకు దండం పెట్టలే."

"సరే, నీ దండాలు నువ్వు పెట్టించుకో. మా ఆయన్ను మాత్రలు మింగమని ఒక్క మాట చెప్పు. నీ మాట వింటాడు. ఆ మడమ సూస్తాండావు కదా!"

"ఆ మాట చెప్తే ఇంగ నన్ను ఎవరు నమ్ముతారక్కా?" అన్నాడు.

వాడి మీద నాకు ఆ రోజు దాకా కోపమే ఉండేది. ఆ మాటతో అసహ్యం పుట్టింది.

పరిగెత్తుకుపోయి మా ఆయనకు అంతా చెప్పాను. నీ ప్రాణమిత్రుడు నన్నే రంగు అడిగిపోయాడు, ఇప్పుడన్నా కళ్లు తెరవమన్నాను. మా ఆయన బీడీ ఆర్పి ఆలోచించాడు.

"మన రంగు ఏందో ముందే తెలుసుకుంటాండాడంటే, విషం రంగు దాంట్లో కలవకుండా జాగర్త పడతాండాడు. ఎంత పద్ధతయిన మనిషి సూడు!"

తల గోడకేసి బాదుకోవాలనిపించింది. ఆ గోడ కూడా రంగు మరకలతోనే ఉంది.

పుండు పెద్దదైంది. దాని మీద ఈగ వాలినా మా ఆయనకు తెలిసేది కాదు. నొప్పి లేదు కాబట్టి తగ్గినట్టే అనేవాడు. ఇంతలో హిందూపురంలో "విష విసర్జన మహాశిబిరం" అని బోర్డు పెట్టారు. మా ఆయన పోతానన్నాడు. ఒంటరిగా పంపితే ఏమవుతాడో అని నేనూ మూట కట్టుకుని రైలెక్కాను.

ఊరి బయట ఒక మామిడి తోటలో శిబిరం. అక్కడ తమాషా చూడాల్సిందే. బియ్యం మిల్లు ఓనరు ఒకాయన ఆరోగ్యం కోసం బావిలోంచి నీళ్లు తోడుతున్నాడు. రోజూ ఆ నీళ్లు తోడి కూలి తీసుకునే హనుమమ్మ గట్టు మీద కూర్చుని, "ఈయప్ప దుడ్లిచ్చి నా పని చేస్తాండాడు, నాకు కూలి ల్యా," అని నాతో మొత్తుకుంది. ఇంకో ఇద్దరు పెద్దమనుషులు కలుపు తీస్తున్నారు. తిండి లేదు, గోధుమగడ్డి రసమే. అంతవరకు నవ్వుకున్నాను. తర్వాత ఎండలో కాగిన గులకరాళ్లు పరిచి, వాటి మీద వట్టికాళ్లతో నడవమన్నారు. మా ఆయన ఆ మడమతో నడిచాడు. వద్దని నేను అడ్డం పడితే ఇద్దరు శిష్యులు నన్ను పక్కకు లాగారు.

ఆ సాయంత్రానికే జ్వరం. కాలు పిక్క దాకా వాచి, పుండు వాసన కొట్టింది. హనుమంతరాయుడు వచ్చి చూశాడు. పుండు ముట్టకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, నోరు మాత్రం వెనక్కి తగ్గలేదు. "విషం ఆఖరి మెట్టు మీద ఉండాది. ఇంగ రెండు పూటలు ఓర్చుకో అన్నా."

నాకు అంజనప్ప అరుగు గుర్తొచ్చింది. మా ఆయన చంకలో చెయ్యి వేసి లేపాను. తెల్లారే ప్యాసింజరుకు, నలుగురు అడ్డం వచ్చినా నాలుగు తిట్టి, రైలెక్కించాను.

"తీసుకపోవద్దు ఈశ్వరీ. మధ్యలో ఆపితే విషం వెనక్కి తిరుగుతాది," అని వణుకుతూ అంటూనే ఉన్నాడు. ధర్మవరం దాకా పోగలడని నమ్మకం లేకపోయింది. పెనుకొండ రాగానే దింపేశాను. ఆటో అతను డాక్టరు దేవసహాయం క్లినిక్కు దగ్గర ఆపాడు. అమరాపురం నుంచి వచ్చి పెట్టుకున్నాడట. కుర్ర డాక్టరు. బెంచీ కొత్తగా మెరుస్తోంది, దాని మీద కూర్చునేవాళ్లు లేక.

డాక్టరు కాలు చూడగానే లేచి నిలబడ్డాడు. "ఇంతవరకు ఏం చేస్తాండారమ్మా? ఇంకా ఆలస్యమయితే కాలు తీసేయాల్సి వస్తాది! షుగరుకు సూది వేయల్ల, పుండు కోసి కడగల్ల, మాత్రలు మింగల్ల."

"మాత్రలొద్దు," అని మా ఆయన లేచి గుమ్మం వైపు కుంటుకుంటూ పోయాడు. "విషానికి మూత."

"చదువు లేకపోతే ఇంతే," అని డాక్టరు గొణిగాడు. నాకు మండింది. డాక్టరును చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి లాక్కుపోయాను.

"సార్, బయట ఇంకెవరన్నా పేషెంట్లుండారా?"

"లేరమ్మా."

"మళ్ల తొందరేంది? ఆయన పక్కన కూసోండి. అడగండి."

"ఏం అడగల్ల?"

"కాలు గురించి తప్ప ఏమన్నా అడగండి."

"మాకు అట్ల అడగడం నేర్పలేదమ్మా."

"మిక్సీలు రిపేరు చేసేటోనికి వచ్చినాది. మీకు రాదా?"

పాపం, మంచివాడు. కోపం తెచ్చుకోలేదు. స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని మా ఆయన పక్కన కూర్చున్నాడు. ఏం అడగాలో తోచక, "ఏమన్నా, ఎన్నేళ్లాయ ఈ రంగుల పనికి వచ్చి?" అన్నాడు.

మా ఆయన, గడప దగ్గర నేను నిలబడి ఉండగానే, చెప్పాడు.

"నేను నేసేటోన్నే సార్. మొట్టమొదట సొంతంగా నేసిన పెళ్లి చీర. కొంగు కాడ ఒగ పోగు తప్పి గీత పడినాది. చీరలు కొనే అంగడాయప్ప నలుగురి ముందర ఆ చీర నా మొగాన ఇసిరి కొట్టినాడు. మా నాయన ఆడనే ఉండె. ఒగ మాట అనలే. తలకాయ దించుకున్నాడు. ఆ పొద్దు మగ్గం గుంతలోంచి లేచినోన్ని మళ్ల దిగలే."

నడుము నొప్పి! ఇరవై ఏళ్లుగా నేను నమ్మిన నడుము నొప్పి ఇది.

డాక్టరు మా ఆయన భుజం మీద చెయ్యి వేసి అట్లాగే కూర్చున్నాడు. కాసేపయ్యాక మెల్లగా కాలు ఒళ్లోకి తీసుకుని, చచ్చిన చర్మం కోసి కడగడం మొదలుపెట్టాడు. ఈసారి మా ఆయన లాక్కోలేదు. కడిగాక డాక్టరు బీరువాలోంచి ఒక సీసా తీసి, దూదితో పుండు చుట్టూ మందు పూశాడు. ఊదా రంగు మందు, అప్పట్లో అన్ని ఆసుపత్రుల్లో ఉండేదే. మా ఆయన మెడ సాచి చూశాడు. అన్ని రోజుల తర్వాత ఆ కళ్లలో పాత కుళ్లాయప్ప కనిపించాడు.

"ఇదేంది సార్, నేరేడు రంగు? శానా బాగుండాదే!"

"ఇది క్రిములను..." అని డాక్టరు మొదలుపెట్టాడు.

"విషాన్ని పీకే రంగు," అన్నాను నేను గట్టిగా.

డాక్టరు ఒకసారి గోడ మీది సర్టిఫికెట్టు వైపు చూశాడు. ఒకసారి ఆ కాలు వైపు చూశాడు. "అవునన్నా," అన్నాడు.

మా ఆయన వేలితో తడిమి చూశాడు. "నిలబడతాదా? ద్రావకం పోయకపోతే ఏ రంగయినా వదిలిపోతాది కదా సార్."

నేను డాక్టరు చేతిలోని సూది వైపు కళ్లతో సైగ చేశాను. చదువుకున్నవాడు, తొందరగానే పట్టుకున్నాడు.

"ఇదే ద్రావకం. రంగు పైన, ఇది లోపల. ఈ మాత్రలు కూడా అదే. ఒక్క పూట తప్పినా రంగు వదిలేస్తాది."

"అట్ల చెప్పండి మరి!" అన్నాడు మా ఆయన చొక్కా చెయ్యి పైకి మడుస్తూ. "ఊరికే మింగు మింగు అంటే ఎవరు మింగుతారు?"

ఆ క్లినిక్కులోనే ఉండిపోయాం. రోజూ కోయడం, కడగడం, పూయడం. మడమ కండ గుప్పెడు పోయింది, కాలు దక్కింది. ఆ సంగతి తెలియడానికి నాకు పట్టిన రోజులు ఎట్లా గడిచాయో నేను చెప్పలేను, చెప్పను. మా ఆయన మాత్రం వచ్చిన ప్రతివాడికీ కాలు చూపించి, "నేరేడు రంగు. యాడా దొరకదు," అనేవాడు. ధర్మవరం నుంచి జనం రైలెక్కి రావడం మొదలైంది. బెంచీ చాలక చాపలు వేశారు. తలనొప్పి అన్నవాడు నుదుటికి నేరేడు రంగు పూయమన్నాడు. రేటు తక్కువని మీరు రంగు పలచగా వేస్తున్నారని ఒకామె డాక్టరుతో పోట్లాటకు దిగింది. మేము బయలుదేరే రోజు దేవసహాయం నా దగ్గరికి వచ్చి, "అమ్మా, వీళ్లందరి కతలు వినేసరికి నాకు భోజనానికి టైము ల్యా. అయినా మొదటిసారి నా మాత్రలు మింగుతాండారు," అన్నాడు. హనుమంతరాయుడు అప్పటికే పెనుకొండలో తన బ్రాంచి ఉందని హిందూపురమంతా చెప్పుకుంటున్నాడట.

రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాడు మా ఆయన. కాలికి తెల్ల కట్టు, కట్టు అంచున ఊదా. పెనుకొండ కొండ వెనక్కి పోయేదాకా చూస్తూ కూర్చున్నాడు. ఒక మాట నన్ను తొలుస్తూనే ఉంది. హనుమంతరాయుడూ అడగలేదు, డాక్టరూ అడగలేదు. రంగుల షెడ్డు ఆడదాన్ని, నేనే అడగాలి.

"ఏమయ్యా, ఆ చీర ఏం రంగు?"

ఆయన నా వైపు తిరగలేదు.

"రాణి," అన్నాడు.

నేను నా అరచేతులు చూసుకున్నాను.

"నువ్వు పారబోసిందే అని నాకు తెలుసు ఈశ్వరీ. నీ చేతులు సూడలేదా నేను? అన్నేళ్లు సూస్తానే ఉండా," అన్నాడు. "అయినా కడుపు మీద ఆ రంగు తేలినప్పుడు, ఒగ మనిషి అందరి ముందర నిలబడి, విషం బయటికొచ్చిందప్పా, పోయిందప్పా అన్నాడు. ఆ చీర నా మొగాన పడిన పొద్దు నుంచి, అట్ల అనేటోడు ఒగడు కావల్లని ఉండె."

నా చేతులు ఒళ్లో ఉన్నాయి. అన్ని రోజులు షెడ్డుకు దూరంగా ఉన్నా గీతల్లో రాణి రంగు అట్లాగే ఉంది. కొంగు కింద దాచుకోబోయాను. ఆయన ఆ చెయ్యి పట్టుకుని బయటికి లాగి, తన మోకాలి మీద పెట్టుకున్నాడు. ధర్మవరం రాకముందే మాత్ర వేళయింది. రెండో చేత్తో సంచిలోంచి మాత్ర తీసి నోరు తెరవమన్నాను. తెరిచాడు.